ఏ జబ్బూ లేని ముక్కలు

“ఆరోగ్యమైన గర్భసంచి అని రాశాం కదా, అది ఆరోగ్యమైనదేనని రుజువేదీ అంటున్నాడు,” అంటూ మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పడేశారు. “స్లైడ్ల ఫొటోలు కావాలిట. ఒక్కటి కాదు, అన్నీ. పైగా టీకా వేయించుకున్న మనిషిది ఇంకో ముక్క చేర్చి చూపించమంటున్నాడు. వీడెవడో మన ఉసురు పోసుకోవడానికే పుట్టాడు.”

బల్లకి ఇవతల నిలబడ్డ ఐసమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సైన్సు పత్రికకి పంపిన పేపరు పరిశీలకుడి అభ్యంతరాలతో ఇలా తిరిగి రావడం ఇది మొదటిసారి కాదు. ఒకసారి భాష బాగోలేదన్నారు. ఇంకోసారి బొమ్మలు మసకగా ఉన్నాయన్నారు. అవన్నీ దిద్ది పంపితే, ఇప్పుడు ఏకంగా మొదటికే మోసం తెచ్చారు.

ఐసమ్మ అన్నది ఆమె పేరు కాదు. ల్యాబులో చేరిన కొత్తలో ఆస్పత్రికీ ల్యాబుకీ మధ్య చంకలో ఐసు డబ్బాతో తిరుగుతుంటే సీనియర్ తగిలించిన పేరు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ “ఐసమ్మగారూ, సంతకం!” అన్నా పలుకుతోంది. సొంత పేరు పెట్టి పిలిస్తేనే ఎవర్నో అనుకుంటోంది.

ఆమె పని చెప్పడానికి తేలిక, చెయ్యడానికే కష్టం. టీకా భుజానికి వేస్తారు. అది తయారుచేసిన కాపలా కణాలు రక్తంలో తిరుగుతుంటాయి. అవి గర్భసంచి దాకా వస్తాయా? వస్తే, లోపలి పొరలోని కణాలు ఏ సంకేతం పంపి వాటిని ఇటు పిలుస్తున్నాయి? దాని కోసమే ఆస్పత్రిలో తీసిన గర్భసంచిలోంచి వేలెడంత ముక్క తెచ్చి, చల్లటి ద్రవంలో కడిగి, బ్లేడుతో సన్నగా తరిగి, జల్లెడ పట్టి, కణాలని పళ్ళెంలో పెంచుతుంది. వాటి మీద టీకా పదార్థం చుక్క వేసి, అవి ఏం విడుదల చేస్తాయో చూస్తుంది. మొదట్లో పెద్దాస్పత్రి నుంచి తెచ్చిన ముక్కలన్నీ గడ్డలు, చీము. పళ్ళెంలో వేసిన కణాలు తెల్లారేసరికి చచ్చి తేలిపోయేవి. ఆ తర్వాత మేడమ్ ఊరి చివరి నర్సింగ్‌హోముతో ఏర్పాటు చేశారు. పక్కనే ఉన్న బట్టల కంపెనీలో ఆడవాళ్ళందరికీ కిందటేడు టీకా వేశారు. వాళ్ళ ఆపరేషన్లన్నీ అక్కడే. అక్కడి నుంచి వచ్చిన మొదటి ముక్కని పెంచినప్పుడు కణాలు పళ్ళెం అంచుదాకా పరుచుకుంటే, సీనియర్ మైక్రోస్కోపులో చూసి, “ఐసమ్మా, ఇవి కణాలా, పచ్చిక బయలా!” అన్నాడు. ఆ రోజు ల్యాబులో అందరికీ ఆమె టీ తాగించింది.

“స్లైడ్లు ఎల్లుండికల్లా కావాలి,” అన్నారు మేడమ్. “నర్సింగ్‌హోముకి ఫోను చేశాను. ఎల్లుండే ఒక కేసు ఉందిట. టీకా వేయించుకున్నావిడే. రేపు వెళ్ళి అనుమతి సంతకం తీసుకుని, ఎల్లుండి ముక్క తెచ్చేసుకో. నీ ఫెలోషిప్పు ఈ నెలాఖరుతో సరి. ఆ సంగతి నీకు గుర్తుందో లేదో!”

గుర్తులేకేం? పేపరు అచ్చవకుండా థీసిస్ తీసుకోరు. థీసిస్ తీసుకోకుండా డిగ్రీ రాదు. వాళ్ళింట్లో బడి దాటి చదివిన మొదటి మనిషి తనే. ఫోను చేసినప్పుడల్లా అమ్మ మిగతావన్నీ పక్కనపెట్టి, “అయిపోయిందా?” అని అడుగుతుంది. పొయ్యి మీద కూర సంగతి అడిగినట్టే అడుగుతుంది. “ఇంకాస్త ఉందమ్మా,” అని తనూ అలాగే చెబుతుంది.

*

నర్సింగ్‌హోము నుంచి తెచ్చి మైనంలో దాచిన ముక్కలన్నీ అట్టపెట్టెలో సర్దుకుని సన్నపొరలు కోసే గదికి వెళ్ళేసరికి అక్కడ మిషను మీద గుడ్డ కప్పి ఉంది.

“మరమ్మతులో ఉంది,” అన్నాడు బ్లేడు బాబాయ్. ఆ గదిలో పొరలు కోసే పని ఆయనదే.

“అయ్యో, ఎల్లుండికల్లా కావాలి బాబాయ్!”

“నీకెప్పుడు ఎల్లుండికల్లా కాకుండా కావాలి? నేను రిటైరయ్యే రోజున కూడా నువ్వు ‘బాబాయ్, ఎల్లుండికల్లా’ అంటూ దండ పట్టుకొస్తావు.”

అంటూనే లేచాడు. జంతుశాస్త్రం వాళ్ళ పాత మిషను ఎవరూ వాడకుండా పడి ఉంది. వాళ్ళ అటెండరుని బతిమాలి తాళం తీయించేసరికి మధ్యాహ్నం దాటింది. చక్రం తిప్పితే కీచుమంది. బాబాయ్ దానికి నూనె వేసి, కొత్త బ్లేడు బిగించి, మొదటి మైనం దిమ్మ పెట్టి తిప్పాడు. పొర ముడుచుకుపోయింది. మళ్ళీ తిప్పాడు. చిరిగింది. దిమ్మని ఐసు మీద పెట్టి చల్లబరిచి తిప్పాడు. ఈసారి పొరకి పొర అతుక్కుని సన్నటి రిబ్బనులా బయటికొచ్చింది.

ఐసమ్మ కుంచెతో ఆ రిబ్బను చివర పట్టుకుని గోరువెచ్చటి నీళ్ళ మీదికి దింపింది. ముడతలు విప్పుకుని పొరలు తేలాయి. గాజుపలకని నీళ్ళలోకి వాలుగా ముంచి, ఒక పొర కిందికి తెచ్చి, ఊపిరి బిగబట్టి పైకి లేపింది. ఊపిరి వదిలినా చాలు, పొర పక్కకి జారిపోతుంది. అలా ఒక్కో దిమ్మ. మధ్యలో కరెంటు పోయి నీళ్ళు చల్లారాయి. మళ్ళీ వేడెక్కేదాకా ఇద్దరూ గోడకి చేరగిలబడ్డారు.

“ఇంతకీ దీంట్లో ఏం చూపించాలి?” అన్నాడు బాబాయ్.

“ఏమీ లేదని చూపించాలి.”

“ఏమీ లేదని చూపించడానికా ఇంత చాకిరీ!”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వాక ఐసమ్మకి మరింత చిరాకేసింది. ఏమీ లేదని ఎవరికి తెలియదు? తను కళ్ళారా చూస్తూనే ఉంది కదా ఇన్నాళ్ళూ.

రంగులు వేసి ఆరబెట్టేసరికి పొద్దు వాలింది. గాజుపలకల మీద ముక్కలు గులాబీ, ఊదా రంగుల్లో ముద్దుగా ఉన్నాయి.

*

మర్నాడు పొద్దున్నే ఆ పలకల పెట్టె పట్టుకుని స్లైడ్ల డాక్టరు గారి గదికి వెళ్ళింది. ఆయన పెద్దాస్పత్రిలో జబ్బు ముక్కలు చూసి తేల్చే డాక్టరు. ఆయన సంతకం ఉంటే ఇక ఏ పరిశీలకుడూ నోరెత్తడు. ఆయన దగ్గర ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు ఉంది. ఐసమ్మని ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టి, మొదటి పలక పెట్టారు.

“అబ్బో!” అన్నారు. మైక్రోస్కోపులో ఆయన తిప్పే వెలుతురు బాణం గుర్తు కదిలింది. “గ్రంథులు చూడు, ఎంత ఒద్దికగా బారులు తీరాయో. మా పిల్లలకి పాఠం చెప్పడానికి ఇలాంటిది దొరక్క చస్తున్నాను. నాకొకటి ఇవ్వకూడదూ?”

ఐసమ్మకి నెత్తిన పాలు పోసినట్టయింది. తను కోయించినవి, తను నీళ్ళలోంచి లేపినవి. “ఎన్ని కావాలంటే అన్ని ఇస్తానండి.”

ఆయన రెండోది చూశారు. మూడోది చూశారు. ఒక్కోదానికీ తల ఊపుతూ, “నిక్షేపంలా ఉంది,” అంటూ పక్కన పెడుతున్నారు. పెట్టె సగమయ్యాక తల ఎత్తకుండానే అడిగారు.

“పాపం, ఎలా పోయారు వీళ్ళంతా? రోడ్డు ప్రమాదాలా?”

“అబ్బే, ఎవరూ పోలేదండి. ఆపరేషన్ చేసి తీసినవి.”

“ఆపరేషనా?” ఆయన కళ్ళు మైక్రోస్కోపు నుంచి ఎత్తారు. “ఎందుకు తీశారు?”

“మాకు ఆరోగ్యమైనవి కావాలి కదండీ…” అని మొదలుపెట్టి ఐసమ్మ ఆగిపోయింది. నోట్లోంచి వచ్చిన మాట తన చెవికే వింతగా వినిపించింది.

“అంటే మీ కోసమా?”

“కాదండీ! కాదు. వాళ్ళెలాగూ చేసే ఆపరేషన్లే. తీసి పారేసేదాంట్లోంచి మేం చిన్న ముక్క తెచ్చుకుంటాం. అంతే.”

“అదే అడుగుతున్నాను. ఎలాగూ ఎందుకు చేస్తున్నారని.” ఆయన గొంతులో కోపం లేదు. “గర్భసంచి జారినా తీస్తారు, కారణం తెలియకుండా రక్తం పోతున్నా తీస్తారు. అలాంటివాటిల్లో ముక్క ఇలా బాగానే కనబడొచ్చు. ఒకటో రెండో అయితే సరే అనుకుంటాను. ఇదేమిటి, పెట్టెడుకి పెట్టెడూ ఇంతే ఉంటే! వీళ్ళ వయసెంత?”

వయసు ఆమెకి తెలుసు. టీకా పనిచెయ్యాలంటే చిన్న వయసు వాళ్ళే మేలని, ఆ వయసు వాళ్ళు దొరికారని మేడమ్ సంబరపడటమూ తెలుసు. వయసూ, అవి ఏ నర్సింగ్‌హోమువో కూడా చెప్పింది.

ఆయన మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగారు. మిగిలిన పలకలన్నీ వరసగా చూశారు. ఈసారి పొగడలేదు. కాగితం మీద ‘ఏ జబ్బూ లేదు’ అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చారు. ఆమె అడగడానికి వచ్చింది సరిగ్గా అదే మాట.

“తీసిన ప్రతి గర్భసంచీ పరీక్షకి రావాలమ్మా,” అన్నారు ఆమె తలుపు దాకా వెళ్ళాక. “ఆ నర్సింగ్‌హోము నుంచి నా దగ్గరికి ఒక్కటీ వచ్చినట్టు గుర్తులేదు.”

*

“నువ్వు స్లైడ్లు చూపించడానికి వెళ్ళావా, పంచాయితీ పెట్టడానికి వెళ్ళావా?” అన్నారు మేడమ్.

“నేనేమీ పెట్టలేదు మేడమ్. ఆయనే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.”

“ఉండక్కర్లేదు. నువ్వు డాక్టరువి కాదు, నేనూ కాదు. ఎవరికి ఎప్పుడు ఏది తీయాలో వాళ్ళు చూసుకుంటారు. మన కోసం ఎవరూ ఎవరి కడుపూ కొయ్యలేదు. బకెట్టులో పోయేదాన్ని మనం పనికొచ్చేలా చేస్తున్నాం. రేపు ఆ టీకా బాగుపడితే ఎంతమంది ఆడవాళ్ళకి మేలు!”

“అది కాదు మేడమ్. ఇన్నాళ్ళూ మనం రోజుకి పదిసార్లు ఆరోగ్యమైనవి, ఆరోగ్యమైనవి అనుకున్నాం. ఆరోగ్యంగా ఉంటే ఎందుకు తీస్తున్నారని మనలో ఒక్కరం కూడా అనుకోలేదు. నేనూ అనుకోలేదు.”

మేడమ్ కిటికీ వైపు తిరిగారు. ఆమె మంచి మనిషి. ఐసమ్మకి జ్వరమొస్తే ఇంటి నుంచి కారియరు పంపిన మనిషి. 

“ఇప్పుడేం చేద్దామంటావు? పేపరు వెనక్కి తీసుకుందామా? నీ చదువంతా ఏట్లో కలుపుదామా?” అన్నారు చివరికి. గొంతు తగ్గించి, “చూడు, రేపటి ముక్క తెచ్చెయ్. పేపరు పంపేద్దాం. నీ డిగ్రీ నీ చేతికి వచ్చాక, ఇలాంటివి చూసే ఎథిక్స్ కమిటీకి నేనే రాస్తాను. మాటిస్తున్నాను,” అన్నారు.

“సరే మేడమ్,” అంది ఐసమ్మ. ఆ గదిలో నిలబడితే ఆమె నోటికి వచ్చే మాట అదొక్కటే. వరండాలోకి వచ్చాక తన మీద తనకే అసహ్యం వేసింది. అక్కడే సీనియర్ కనబడి, “ఏం ఐసమ్మా, మళ్ళీ అక్షింతలా?” అన్నాడు. జరిగింది చెప్పింది. అతని నవ్వు ఆగిపోయింది. చేతి గ్లోవ్సు లాక్కుంటూ, “ఆ కణాల మీద నాది కూడా ఒక పేపరు ఉంది తెలుసా,” అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయాడు.

*

నర్సింగ్‌హోములో ఆ సాయంత్రం ఎప్పటిలాగే సిస్టరు ఎదురొచ్చింది. “రండి రండి, మీ కోసమే చూస్తున్నాం. కోటు వేసుకోండి, లోపల రెండో మంచం.”

ఐసమ్మ సంచిలోంచి తెల్లకోటు తీసి తొడుక్కుంది. జేబు మీద ల్యాబు గుర్తు కుట్టి ఉంటుంది. కోటు వేసుకోమని ఈ సిస్టరు ప్రతిసారీ చెబుతుంది. శుభ్రం కోసం కాబోలు అనుకునేది.

రెండో మంచం మీద ఒక ఆమె కాళ్ళు ముడుచుకు కూర్చుని రవికకి ఊడిన హుక్కు కుట్టుకుంటోంది. ఐసమ్మ కన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో. కుట్టు ఎంత దగ్గరగా, ఎంత వేగంగా పడుతోందంటే సూది కనబడటం లేదు. బట్టల కంపెనీలో టైలరు.

“కూర్చోండమ్మా,” అని ఆ టైలరమ్మ దారం కొరికి, పక్కకి జరిగింది. “మీరొస్తారని తెలుసు. పెన్ను ఇవ్వండి, ఎక్కడ పెట్టాలి?”

“చదవరా?”

“చదివేదేముంది? మా మిషన్ల వరసలో సగం మంది పెట్టారు కదా.”

ఐసమ్మ కాగితం ఇవ్వలేదు. ఒళ్ళోనే పెట్టుకుంది. అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి: టీకా ఎప్పుడు వేయించుకున్నారు, పిల్లలెందరు, కిందటిసారి నెలసరి ఎప్పుడు. అవేవీ అడగలేదు.

“మీకు ఏమైందని తీస్తున్నారండి?” అంది.

ఇన్ని సంతకాలు తీసుకుంది గానీ, ఈ ప్రశ్న అడగడం ఇదే మొదలు.

“తెల్లబట్ట అవుతోంది. నడుం ఒకటే లాగుడు. అంతకు మించి ఏం లేదు గానీ, డాక్టరమ్మ స్కానింగు చూసి సంచి వాచిందంది. ఉంచితే ముందుముందు క్యాన్సరవుతుందిట. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా దేనికి, తీసేస్తే పీడా పోతుందంది. మా సూపర్‌వైజరు చూడాలి, మామూలుగా ఒక పూట సెలవడిగితే మొహం మాడ్చుకునేవాడు, దీనికి మాత్రం ‘వెళ్ళిరా తల్లీ’ అన్నాడు. నెలనెలా బాత్రూముకి వెళ్ళే పని తప్పుతుందిగా!” అని పెద్దగా నవ్వింది.

“మందులేవీ వాడలేదా?”

“వాడితే తగ్గుతుందా ఏమిటి?”

“తగ్గొచ్చు. నేను డాక్టర్ని కాదు. ఇంకో డాక్టరుకి చూపించుకుంటే మంచిదండి. పెద్దాస్పత్రిలో.”

టైలరమ్మ సూదిని రవిక అంచుకి గుచ్చి ఆమె మొహంలోకి చూసింది. “మీరే అలా అంటారేమిటి? నాకు ధైర్యం మిమ్మల్ని చూసే కదా వచ్చింది.”

“నన్ను చూసా?”

“మరి? మొదట నేను ఒప్పుకోలేదు. ఇంత చిన్న డాక్టరమ్మ మాట ఏం నమ్ముతాంలే అన్నాను. అప్పుడు ఆవిడే చెప్పింది, మా దగ్గరికి పెద్ద ల్యాబు వాళ్ళే స్వయంగా వస్తారు, తీసిన ప్రతిదీ వాళ్ళే పట్టుకెళ్ళి పరీక్ష చేస్తారు అని. మా వదినకి మీరే చేశారు కదా! సరైన సమయానికి తీశారు, ఇంకో ఏడాది ఉంచి ఉంటే క్యాన్సరేనని మీ ల్యాబు చెప్పిందిట. ఆ మాట విన్నాకే మా ఆయన కూడా సరేనన్నాడు.”

ఐసమ్మ పెన్ను మూత బిగించేసింది.

“ఎవరు చెప్పారు అలా అని?”

“డాక్టరమ్మే. కుట్లు విప్పే రోజున. మా వదిన మీకు గుర్తులేదూ? పొడుగ్గా ఉంటుంది, నోరు ఊరుకోదు. మీరు ముక్క తీసుకెళ్తామంటే, ‘మొత్తం పట్టుకుపొండి, నేనేమన్నా అలమారులో పెట్టుకుంటానా’ అంది.”

గుర్తుంది. ఆ మాటకి తనూ నవ్వింది. ఆ నవ్వుతూనే సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది.

ఇన్నాళ్ళూ తను ఒక మూల నిలబడి, వాళ్ళు పారేసేది ఏరుకుపోతున్నాననుకుంది. ఈ కోటు, ఈ గుర్తు, చంకలో డబ్బా, ఇవన్నీ చూపించే ఆడవాళ్ళని ఆపరేషన్ బల్ల ఎక్కించారు. సిస్టరు ప్రతిసారీ కోటు వేసుకోమన్నది ఎందుకో ఇప్పటికి అర్థమైంది. మేడమ్ మాటలు గుర్తొచ్చాయి: మన కోసం ఎవరూ ఎవరి కడుపూ కొయ్యలేదు. నిజమే. మన కోసం కొయ్యలేదు. మన పేరు చెప్పి కోశారు.

గుమ్మంలో సిస్టరు తొంగిచూసింది. “అయిందా? డాక్టరమ్మ అడుగుతోంది.”

“ఇంకాస్త ఉంది సిస్టర్,” అంది ఐసమ్మ. అలవాటుగా వచ్చింది ఆ మాట. సిస్టరు అటు వెళ్ళగానే కోటు గుండీలు విప్పి, తీసి, మడిచి ఒళ్ళో పెట్టుకుంది.  ఈ మంచం మీది మనిషి ఇంటికి వెళ్ళిపోతే రేపు ముక్క లేదు, పేపరు లేదు, నెలాఖరుకి తనూ ఉండదు. అమ్మ మళ్ళీ అడుగుతుంది.

“మా ల్యాబు అలా చెప్పలేదండి,” అంది. “మేం జబ్బు పరీక్షలే చెయ్యం. మా పని వేరే, టీకాది. ఆ ముక్కల్లో జబ్బు ఉందా అని ఈరోజు పొద్దున్నే మొదటిసారి చూపించాను. జబ్బు ముక్కలు చూసే డాక్టరుకి. అన్నీ చూశారాయన. ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు.”

“ఏమీ లేదంటే?”

“ఏ జబ్బూ లేదు.”

“మా వదినది?”

“పేర్లుండవండి, నంబర్లే ఉంటాయి. కానీ ఇక్కడి నుంచి నేను తీసుకెళ్ళినవన్నీ అందులో ఉన్నాయి. ఆవిడది కూడా ఉంది.”

టైలరమ్మ తల ఎత్తి చూసింది. ఆమె మెచ్చుకుంటుందని ఐసమ్మ అనుకోలేదు గానీ, ఆ చూపు ఇంత సూటిగా వచ్చి గుచ్చుకుంటుందనీ అనుకోలేదు.

“ఎవరికి చెప్పారు ఈ మాట?”

“మా మేడమ్‌కి.”

“మీ మేడమ్‌కి చెప్పారు,” అంది టైలరమ్మ నెమ్మదిగా. “మా వదిన మిషను ముందు కూర్చుంటే అయిదు నిమిషాలకోసారి ఒళ్ళంతా ఆవిర్లంటూ లేచి కుళాయి కింద తల పెడుతోంది. కీళ్ళు పట్టేసి మెట్లెక్కలేకపోతోంది. అయినా అడిగిన వాళ్ళందరికీ చెబుతుంది, పోతే పోయింది, ప్రాణం దక్కిందీ అని. ఆవిడకి చెప్పారా?”

“లేదు.”

టైలరమ్మ మంచం దిగింది. సంచిలోకి రవిక, దువ్వెన, చెంబు విసురుగా పడేసింది. చెప్పుల కోసం కాలితో మంచం కింద తడుముకుంది. సిస్టరు వచ్చి, “ఇదేమిటి, ఎక్కడికి? పొద్దున్నే ఆపరేషనుంది!” అంటే, “మా ఆయనతో మాట్లాడి వస్తా,” అని తల కూడా తిప్పకుండా అంది. సిస్టరు ఐసమ్మ వైపు చూసింది, ఒళ్ళో మడిచి ఉన్న కోటు వైపు చూసింది. ఏదో అర్థమైనట్టు గబగబా డాక్టరమ్మ గది వైపు నడిచింది.

టైలరమ్మ సంచి భుజాన వేసుకుని ఫోను తీసి ఏదో నంబరు నొక్కింది. నొక్కి, చెవి దగ్గర పెట్టుకోలేదు. ఐసమ్మ చేతికి ఇచ్చింది.

“మా వదిన నేను చెబితే నమ్మదు. మీరు చెబితేనే నమ్మింది. మీరే చెప్పండి.”

అవతల ఫోను మోగుతోంది. వరండా చివర డాక్టరమ్మ గది తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఐసమ్మ ఫోను చెవికి ఆనించుకుంది.

“ఏమ్మా, చేరావా?” మిషన్ల హోరు మధ్య పెద్ద గొంతు. “భయపడకు, చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆ ల్యాబు అమ్మాయి వచ్చిందా?”

“వచ్చానండి,” అంది ఐసమ్మ. “నేనే మాట్లాడుతున్నాను.”

“ఓ, మీరా అమ్మా! బాగున్నారా? నేనే ఒకసారి వచ్చి కనబడాలనుకుంటున్నాను. మీ చలవ వల్ల బతికి బయటపడ్డాను.”

“అది కాదండి,” అంది ఐసమ్మ. “మీరు కాస్త మిషను ఆపి, పక్కకి రండి.”